ఐదేళ్ళలో హోమ్ లోన్ తీర్చాలని ఇంట్లో పాలు కూడా తగ్గించేశారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేము మియాపూర్‌లో ఉంటాం. 2021లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నాం, బ్యాంక్‌లో 45 లక్షల లోన్, 20 ఏళ్ళు, 6.8 శాతం వడ్డీ, ఈఎంఐ 34,350. మధ్యలో వడ్డీ పెరిగిందని దాన్ని 36,500 చేశారు. ఇప్పటికి దాదాపు 20 లక్షలు కట్టేశాం. ఈమధ్య మా ఆయన స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఇంకా 42 లక్షలు బాకీ ఉంది, వడ్డీ 8.05 శాతం అట, ఇంకా పద్దెనిమిదిన్నర ఏళ్ళు కట్టాలట. అది చూసిన దగ్గర్నుంచి ఆయనకి నిద్ర లేదు. ఐదేళ్ళలో మొత్తం తీర్చేయాలని పట్టుబట్టి కూర్చున్నారు. లీటరున్నర పాలు అర లీటరు అయ్యాయి, పాప కూచిపూడి క్లాస్ మాన్పించారు, కూరగాయల సంచి దింపగానే లెక్క అడుగుతారు. అలా మిగిల్చిన 10 వేలు నెలనెలా హోమ్ లోన్‌లో వేస్తున్నారు. ఇప్పుడు టర్మ్ పాలసీ, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేవి) ఆపేద్దాం, పీఎఫ్ తీసేద్దాం, నీ 14 తులాల బంగారం అమ్మేద్దాం అంటున్నారు. ఆయన జీతం చేతికి 92 వేలు, నాది 38 వేలు, ఏడాదికోసారి ఆయనకి లక్ష దాకా బోనస్. ఇంటీరియర్స్ కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఇంకా 2 లక్షలు ఉంది, 13.5 శాతం, నెలకి 9,600. కారు ఈఎంఐ 14,500, ఇంకో ఏడాదిన్నర. ఎఫ్‌డీలో లక్షన్నర ఉంది. పాపకి 8, బాబుకి 4 ఏళ్ళు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఆవిడకి బీపీ, షుగర్ మందులు. మామగారు ఊళ్ళో అప్పులపాలై రెండెకరాలు అమ్ముకున్నారు, ఆ భయం మా ఆయనకి ఇంకా పోలేదు. అప్పు తీరాలని నాకూ ఉంది, కానీ ఇంట్లో ఊపిరి ఆడట్లేదు. ఆయన చేసేది కరెక్టేనా? ఒక పాఠకురాలు.

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన తరఫున ఒక మాట చెప్పనివ్వండి. నాన్న పొలం అమ్ముకోవడం కళ్ళారా చూసిన పిల్లాడికి అప్పు అనే మాట వింటేనే గుండెల్లో దడ వస్తుంది, అది పిసినారితనం కాదు, తన పిల్లలకి ఆ రోజు రాకూడదనే ఆరాటం. కాబట్టి మీరు మాట్లాడేటప్పుడు పాల దగ్గర మొదలుపెట్టకండి, ఆ భయం దగ్గరే మొదలుపెట్టండి. ఊళ్ళో మీ మామగారు తెచ్చిన అప్పు బహుశా రెండు రూపాయల వడ్డీ అయ్యుంటుంది, మూడు రూపాయలైనా ఆశ్చర్యం లేదు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మీ హోమ్ లోన్ 8.05 శాతం, అంటే మన ఊరి లెక్కలో 67 పైసల వడ్డీ. రెండూ అప్పులే గానీ ఒకటి కాదు. అది చక్రవడ్డీతో మనిషిని మింగేది, ఇది కడుతూ పోతే ఇల్లు మన చేతికొచ్చేది. ఆయన దీన్ని కూడా ఆ రెండు రూపాయల అప్పులాగే చూస్తున్నారు, అందుకే ఇంత కంగారు.

ఇక 20 లక్షలు కట్టినా 3 లక్షలే ఎందుకు తగ్గింది అన్నది. దీనికి మీ ఖర్చులు కారణం కాదు అని ఇంట్లో అందరికీ తెలియాలి. మీరు లోన్ తీసుకున్న 2021లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు, అంటే అది బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 4 శాతం, అంతకన్నా తక్కువ దగ్గర దగ్గరలో ఎప్పుడూ లేదు. 2022 మే నుంచి పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరికి ఆరున్నర చేశారు. 2019 అక్టోబర్ తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉంటాయి కాబట్టి మీ 6.8 కూడా దాంతో పాటే 9.3 దాకా ఎక్కేసి ఉంటుంది. అప్పుడు 43 లక్షల చిల్లర బాకీ మీద నెల వడ్డీనే 33, 34 వేలు. మీరు కట్టే దాంట్లో అసలుకి పోయేది రెండు మూడు వేలు, అంతే. ఈఎంఐ పెద్దగా పెంచకుండా గడువు సాగదీయడం బ్యాంకులకి అలవాటు, కట్టేవాడికి నొప్పి తెలియదు, తెలిసే సరికి మీ ఆయనలా స్టేట్‌మెంట్ చూసి గుండె ఆగినంత పనవుతుంది. 2025లో రెపో మళ్ళీ తగ్గుతూ వచ్చి డిసెంబర్‌కి 5.25 అయింది, అందుకే మీది 8.05కి దిగింది. ఇప్పుడు మీ 36,500లో వడ్డీకి పోయేది 28,175, అసలుకి పోయేది 8,325. అంటే గడ్డు కాలం చాలావరకు దాటేశారు, ఈ మాట ఆయనకి చెప్పండి.

ఇప్పుడు పని. పాలు, కూరగాయల జోలికి పోయే ముందు బ్యాంక్‌కి వెళ్ళాలి, ఒక్క పూట సెలవు పెట్టి ఇద్దరూ వెళ్ళండి. 8.05 అంటే రెపో మీద 2.8 శాతం బ్యాంక్ వేసుకుంటోంది. సిబిల్ స్కోర్ (అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే మార్కులు) బాగున్న వాళ్ళకి కొత్త లోన్లు ఏడున్నర చుట్టుపక్కల దొరుకుతున్నాయి, మీరేమో ఇన్నేళ్ళుగా ఒక్క ఈఎంఐ తప్పకుండా కట్టారు. మా రేటు తగ్గించండి, లేకపోతే లోన్ వేరే బ్యాంక్‌కి మార్చుకుంటాం అని రాతపూర్వకంగా ఇవ్వండి. కొంచెం కన్వర్షన్ ఫీజు తీసుకుని తగ్గిస్తారు చాలా చోట్ల. 7.5 చేశారనుకోండి, మీ ఈఎంఐ అదే ఉంచితే పద్దెనిమిదిన్నర ఏళ్ళు కాస్తా పదిహేడేళ్ళు అవుతుంది, దాదాపు ఏడాదిన్నర ఈఎంఐలు, 6 లక్షల పైమాట. ఇంట్లో ఎవరి నోరూ కట్టకుండా వచ్చిన 6 లక్షలు అది. వాళ్ళు ఒప్పుకోకపోతే నిజంగానే మార్చడం గురించి ఆలోచించండి, కాకపోతే కొత్త బ్యాంక్ ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, ఎంఓడీ (ఇల్లు బ్యాంక్‌కి తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్ళీ పడతాయి, అవి కలిపి చూసుకుని దిగండి. ఇంకోటి, 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంచెం కొంచెమా అన్నది లోన్ తీసుకున్న వాళ్ళకి ఇవ్వాల్సిన ఆప్షన్ అని. మూణ్ణెల్లకోసారి ఎంత అసలు, ఎంత వడ్డీ కట్టారు, ఎన్ని ఈఎంఐలు మిగిలాయి అనే స్టేట్‌మెంట్ కూడా ఇవ్వాలి. ఇకమీదట వడ్డీ పెరిగితే గడువు కదపొద్దు, ఈఎంఐ పెంచండి అని చెప్పేయండి.

ఐదేళ్ళ సంగతి చూద్దాం. ఐదేళ్ళలో ఈ 42 లక్షలు తీరాలంటే నెలకి 85 వేలు కట్టాలి. పర్సనల్ లోన్, కారు ఈఎంఐ కలిపితే లక్షా తొమ్మిది వేలు. మీ ఇద్దరి జీతం లక్షా ముప్ఫై. మిగిలిన 21 వేలలో ఇద్దరు పిల్లల ఫీజులు, అత్తయ్యగారి మందులు, మెయింటెనెన్స్, తిండి... కుదరదమ్మా. ఎంత పొదుపు చేసినా కుదరదు, ఎందుకంటే ఇది పొదుపు సమస్య కాదు, కూడికల సమస్య. ఏడేళ్ళకైతే నెలకి 65,500, పదేళ్ళకైతే 51 వేలు. ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, ఏమీ అనకండి, ఆయనే చూసుకుంటారు. కుదరని గడువు పెట్టుకున్న ఇంట్లో ప్రతి నెలా ఎవరో ఒకరు దోషి అవుతారు, ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

ఆయన చేస్తున్న దాంట్లో నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది ఏంటో తెలుసా, మీ కడుపులు మాడ్చి మిగిల్చిన 10 వేలు తీసుకెళ్ళి 8.05 శాతం అప్పులో వేస్తున్నారు, పక్కనే 13.5 శాతం పర్సనల్ లోన్ హాయిగా నడుస్తోంది. ఎప్పుడైనా సరే ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చాలి. పర్సనల్ లోన్‌కి నెలకి ఇంకో మూడు వేలు కలిపి కట్టండి, రెండేళ్ళు పట్టేది ఏడాదిన్నరలో తీరిపోతుంది. దాన్ని ముందుగా కడితే ఏమైనా చార్జీ ఉందేమో మీ అగ్రిమెంట్‌లో చూసుకోండి, కొన్నిటికి ఉంటుంది. మిగిలిన ఏడు వేలలో సగం ఇంట్లోకి వెనక్కి రావాలి, అంటే పాలు మళ్ళీ పాలులా రావాలి, సగం ఎమర్జెన్సీ డబ్బులోకి పోవాలి. మీకున్న లక్షన్నర చాలదు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకి 80 వేలు తేలిగ్గా అవుతుంది, ఒక్కరి ఉద్యోగం పోయినా, మరీ ఐటీ అయితే ఇప్పటి పరిస్థితులు మీకు నేను చెప్పక్కర్లేదు, కనీసం 4 లక్షలు చేతికి అందేలా ఉండాలి. ఆయన బోనస్ కూడా అందులోకే వెయ్యండి. అది నిండే వరకు, అంటే ఈ ఏడాదిన్నర, హోమ్ లోన్‌కి మామూలు ఈఎంఐ కన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టొద్దు. ఇది ఆయనకి మింగుడుపడదు, తెలుసు. కానీ హోమ్ లోన్‌లో వేసిన డబ్బు కష్టం వచ్చినప్పుడు వెనక్కి రాదు, బ్యాంక్ మీరు నిరుడు రెండు లక్షలు ఎక్కువ కట్టారు కదా ఈ నెల పర్లేదు అనదు.

ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్లు ఉంటాయి, స్టేట్ బ్యాంక్‌లో మ్యాక్స్‌గెయిన్ అంటారు, అందులో మిగులు డబ్బు పెడితే వడ్డీ తగ్గుతుంది, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. మీ బ్యాంక్‌లో అలాంటిది ఉంటే, రేటు మరీ ఎక్కువ లేకపోతే, ఎమర్జెన్సీ డబ్బుకి అంతకన్నా మంచి చోటు లేదు. అడిగి చూడండి.

ఏడాదిన్నర తర్వాత ఏమవుతుందో చూడండి. పర్సనల్ లోన్ 9,600 పోతుంది, కారు 14,500 పోతుంది. రెండూ కలిపి 24,100. ఇన్నాళ్ళూ ఎలాగూ లేకుండానే బతికిన డబ్బు ఇది. ఆ నెల నుంచే, ఒక్క నెల కూడా ఖాళీ ఇవ్వకుండా, దీన్ని హోమ్ లోన్‌కి తిప్పేయండి. అప్పుడు నెలకి 60,600 కట్టినట్టు. అప్పటికి బాకీ 40 లక్షల 40 వేల చుట్టూ ఉంటుంది, అది ఏడేళ్ళ అయిదు నెలల్లో తీరిపోతుంది. మొత్తం కలిపితే ఇవాళ్టి నుంచి తొమ్మిదేళ్ళకి ఒక నెల తక్కువ. పద్దెనిమిదిన్నర ఏళ్ళది తొమ్మిదేళ్ళు, వడ్డీలో మిగిలేది 20 లక్షల దాకా. రేటు కూడా తగ్గించుకుని, ఎమర్జెన్సీ నిండాక బోనస్‌లో సగం ఇటు వేస్తే ఎనిమిదేళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. మీ పాపకి ఇప్పుడు 8. తొమ్మిదేళ్ళకి ఇంటర్ సెకండియర్‌లో ఉంటుంది. అంటే ఇంజనీరింగో డిగ్రీయో ఫీజు కట్టే టైముకి ఇంటి మీద అప్పు ఉండదు, 60 వేలు నెలనెలా చేతిలో ఉంటుంది. నన్నడిగితే మీ ఇంటికి సరైన గడువు ఇదే. ఐదేళ్ళు అన్నది భయం పెట్టిన గడువు, ఈ తొమ్మిదేళ్ళకి ఒక కారణం ఉంది.

మరి పొదుపు అక్కర్లేదా అంటారేమో. కావాలి, చాలా కావాలి, కానీ ఎక్కడ అన్నది తెలియాలి. పాప కూచిపూడి క్లాస్‌కి నెలకి ఓ 1,500 అనుకుందాం. నేను చెప్పిన ప్లాన్ మీద ఆ 1,500 కూడా తొమ్మిదేళ్ళపాటు లోన్‌లో వేస్తే లోన్ మూడు నాలుగు నెలలు ముందు తీరుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి దాని బాల్యంలో ఉన్న ఒక్క ఇష్టాన్ని తీసేసి, దానికి పదిహేడేళ్ళు వచ్చాక మూడు నెలల ఈఎంఐ మిగిల్చాం అని చెప్పగలరా? ఈ నెలే మళ్ళీ చేర్పించండి. నాలుగేళ్ళ పిల్లాడు, షుగర్ ఉన్న పెద్దావిడ ఉన్న ఇంట్లో పాలు, గుడ్లు, పప్పు, కూరగాయలు తగ్గించడం నాకు అసలు ఒప్పుకోబుద్ధి కావట్లేదు, తర్వాత హాస్పిటల్‌కి వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

అసలు పొదుపు పెద్ద పద్దుల్లో ఉంటుందమ్మా, అదీ ఏడాదికి రెండు మూడు సార్లు తీసుకునే నిర్ణయాల్లో. మొదటిది కారు. ఈఎంఐ అయిపోయిన మర్నాటి నుంచి షోరూమ్ వాళ్ళు ఎక్స్‌చేంజ్ ఆఫర్ అంటూ ఫోన్లు చేస్తారు, ఆఫీస్‌లో ఎవరో పెద్ద బండి కొంటారు. ఉన్న కారునే ఇంకో ఏడెనిమిదేళ్ళు నడపండి. ఆ 14,500 మళ్ళీ కారుకి పోయిందంటే ఈ ప్లాన్ అంతా పోయినట్టే, మిగతా ఏ పొదుపూ దాన్ని పూడ్చలేదు. రెండోది ఫంక్షన్లు. ఈ తొమ్మిదేళ్ళ లోపే పాప ఓణీల ఫంక్షన్ వస్తుంది, చుట్టాల్లో అందరూ హాల్ బుక్ చేసి, ఈవెంట్ వాళ్ళని పెట్టి, ఐదారు లక్షలు పెట్టి చేస్తున్నారు, మీ ఇంట్లో కూడా ఆ మాట వస్తుంది. 5 లక్షలంటే మీకు ఎనిమిది నెలల కంతులు. ఇంట్లోనే దగ్గరవాళ్ళని నలభై యాభై మందిని పిలిచి వంటవాడిని పెట్టి చక్కగా చేసుకోవచ్చు, పిల్లకి పట్టుపరికిణీ, ఓణీ మంచివి కొనండి, అక్కడ తగ్గకండి. అత్తయ్యగారితో ఇప్పటి నుంచే ఈ మాట అనుకుంటూ ఉండండి, అప్పటికప్పుడు చెబితే నొచ్చుకుంటారు. మూడోది స్కూల్. ఉన్న స్కూల్‌లో పిల్లలు బాగానే చదువుతుంటే పేరు పక్కన ఇంటర్నేషనల్ అని ఉందని మార్చకండి, ఇద్దరికీ కలిపి ఏడాదికి లక్ష తేడా వచ్చేస్తుంది.

ఇంటి ఖర్చులో కూడా నోరు కట్టుకోకుండా తగ్గేవి ఉన్నాయి. మన అమ్మలు చేసినట్టు ఏడాది సరుకు పద్ధతి. చింతపండు, ఎండుమిర్చి, పసుపు మార్చి ఏప్రిల్‌లో, కొత్త కందిపప్పు వచ్చినప్పుడు కందిపప్పు, సోనామసూరి పాతవి బస్తాల్లెక్కన, వదినలో తోడికోడళ్ళో ఇద్దరు ముగ్గురు కలిసి తెచ్చుకుని పంచుకుంటే నెలనెలా ప్యాకెట్లు కొనేదానికి, దీనికి బాగా తేడా ఉంటుంది. వారానికోసారి కూకట్‌పల్లి రైతు బజార్‌కి వెళ్ళే ఓపిక ఉంటే కూరగాయల్లో తేడా కనిపిస్తుంది. అత్తయ్యగారి బీపీ, షుగర్ మందులు రోజూ వాడేవే కాబట్టి డాక్టర్‌ని అడిగి జెనరిక్ పేర్లు రాయించుకుని జన ఔషధి కేంద్రంలో తీసుకోండి, బిల్లు సగానికి కన్నా తగ్గినా ఆశ్చర్యం లేదు, కానీ డాక్టర్‌ని అడక్కుండా మార్చకండి. ఆస్తి పన్ను ఏప్రిల్‌లో ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తారు. మీ ఆఫీస్ దారిలో సిటీ బస్ కుదిరితే 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, వారంలో కొన్ని రోజులైనా వాడుకోవచ్చు. వీటన్నిటి మీద వచ్చేది నెలకి నాలుగైదు వేలు అయ్యుంటుంది, అది చిన్నదేం కాదు, ఎవరూ ఏడవకుండా వచ్చింది కూడా.

ముందుగా కట్టేటప్పుడు ఒక్క విషయం బాగా గుర్తు పెట్టుకోండి, పార్ట్ పేమెంట్ వేసిన ప్రతిసారీ ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి అని చెప్పాలి, యాప్‌లో అయినా ఆ ఆప్షనే నొక్కాలి. కొన్ని చోట్ల అడక్కపోతే ఈఎంఐ తగ్గించేస్తారు, నెలకి ఏడెనిమిది వందలు తగ్గిందని సంతోషపడతాం, లాభమంతా పోతుంది. మీ ఆయన ఇప్పటిదాకా వేసిన 10 వేలు ఏమయ్యాయో కూడా ఒకసారి చూడమనండి. ఇప్పుడున్న లెక్కలో మామూలు ఈఎంఐకి పైన ఒక్క లక్ష ముందు కడితే చివర్లో దాదాపు పదకొండున్నర ఈఎంఐలు, అంటే 4 లక్షల పైన కట్టక్కర్లేకుండా పోతుంది. మొదటేళ్ళలో కట్టిన దానికే ఈ బలం, చివర్లో కడితే ఇంత ఉండదు. ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందు కడితే బ్యాంక్ ఏ పెనాల్టీ వెయ్యకూడదు, 2012 నుంచే ఆ రూల్ ఉంది, ఎవరైనా చార్జీ అంటే లెటర్ మీద రాసివ్వమనండి. లోన్ ఉంటే టాక్స్ కలిసొస్తుంది, ఎందుకు తీర్చేస్తావ్ అనే చుట్టం ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు. వడ్డీ మీద 2 లక్షల మినహాయింపు పాత పద్ధతిలో. మీ జీతాలకి కొత్త పద్ధతే లాభం అయ్యుంటుంది, అందులో మనం ఉండే ఇంటి వడ్డీకి ఏ మినహాయింపూ లేదు, కాబట్టి ఆ మాట పట్టించుకోకండి.

ఇక ఆయన ఆపేద్దాం, తీసేద్దాం అన్నవి. టర్మ్ పాలసీ ఆపడం అన్న మాట మళ్ళీ ఆ ఇంట్లో వినపడకూడదు. ఆయనకి రేపు ఏదైనా జరిగితే 42 లక్షల బాకీ 38 వేల జీతం మీద పడుతుంది. అప్పంటే అంత భయపడే మనిషి ఆ భయానికి ఉన్న ఒక్క కాపలానీ తీసేద్దాం అనడం ఏంటి, అడగండి, నెమ్మదిగానే అడగండి. ఆరోగ్య బీమా కూడా అంతే. పీఎఫ్ మీద 2024-25కి 8.25 శాతం ఇచ్చారు, అది తీసి 8.05 అప్పు తీర్చడంలో ఏ లెక్కా లేదు, పైగా అది మీ ముసలితనం డబ్బు. సిప్ ఉన్నంత ఉండనివ్వండి, పెంచొద్దు, ఆపొద్దు. లాంగ్ టర్మ్‌లో 8 కన్నా ఎక్కువ రావచ్చు, రాకపోవచ్చు, కానీ పిల్లల చదువుకి మొత్తం ఇంటి మీదే పెట్టి కూర్చోవడం మంచిది కాదు. ఎమర్జెన్సీకి మించి ఎఫ్‌డీలు ఏమైనా ఉంటే మాత్రం అవి లోన్‌లోకే పోవాలి, అక్కడ వచ్చే ఆరున్నర శాతానికి టాక్స్ కూడా ఉంటుంది, ఇక్కడ మిగిలే ఎనిమిది శాతానికి లేదు.

బంగారం గురించి కాస్త గట్టిగా చెప్తాను. పుట్టింటి వాళ్ళు, అత్తింటి వాళ్ళు మీకు పెట్టింది స్త్రీధనం, చట్టం ప్రకారం కూడా అది మీ సొంతం, అమ్మాలా వద్దా అన్నది మీ నిర్ణయం, ఆయనది కాదు. నగ అమ్మితే మజూరీ, తరుగు, రాళ్ళ బరువు అన్నీ పోతాయి, మళ్ళీ అంత చేయించుకోవడం ఈ రేట్లలో జరిగే పని కాదు. కాయిన్లు, బిస్కెట్లు ఉండి, మీకు మనస్ఫూర్తిగా ఇవ్వాలనిపిస్తే పర్సనల్ లోన్‌కి కొంచెం వాడండి, అంతవరకే. ఇంకో మాట, మీరు రాయలేదు గానీ, ఫ్లాట్ ఎవరి పేరు మీద రిజిస్టర్ అయింది? చాలా ఇళ్ళలో లోన్‌లో భార్య కో-అప్లికెంట్‌గా ఉంటుంది, డాక్యుమెంట్‌లో మాత్రం భర్త ఒక్కరి పేరే ఉంటుంది. మీ జీతం, మీ బంగారం పోయే ఇంట్లో మీ పేరు ఉండాలి. సేల్ డీడ్ జిరాక్స్ తీసి చూడండి.

ఆయనతో ఎలా మాట్లాడాలి అంటే, పిల్లలు పడుకున్నాక, స్టేట్‌మెంట్, ఆ మూడు అంకెల కాగితం ముందు పెట్టుకుని, నేను కూడా అప్పు తీర్చాలనే అనుకుంటున్నా, పద ఇద్దరం కలిసి లెక్క వేద్దాం అని మొదలుపెట్టండి. ఒక్కడినే మోస్తున్నా అన్న బాధ ఆయనలో సగం ఉండి ఉంటుంది. ఒకటో తారీఖున రెండు జీతాల్లోంచి ఈఎంఐలు, సిప్, ఫీజుల డబ్బు, ఎమర్జెన్సీ డబ్బు వాటంతట అవే వెళ్ళిపోయేలా పెట్టేయండి, ఇంటి ఖర్చుకి ఇంత అని వేరే అకౌంట్‌లో వెయ్యండి, ఆ అకౌంట్‌లో దాని గురించి ఆయన అడక్కూడదు, మీరు దాటకూడదు. ఇద్దరికీ చెరో రెండు వేలు ఎవరూ లెక్క అడగని డబ్బు ఉండాలి, ఆయన టీకో మీ చీరకో. నెలాఖరున ఒక్కసారి కూర్చుని బాకీ ఎంతకి దిగిందో ఇద్దరూ కలిసి చూసుకోండి, పాపకి కూడా చూపించండి, పర్లేదు, పిల్లలకి అర్థమవుతుంది. అంతే, రోజూ సంచి దగ్గర లెక్కలు వద్దు. ఇంత చెప్పినా ఆయన నిద్రపోలేకపోతున్నారు, కోపం తగ్గట్లేదు అంటే అది డబ్బు లెక్కతో పోయేది కాదు, ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళండి, అందులో తప్పేం లేదు.

ఆఖరి ఈఎంఐ కట్టే రోజు వచ్చినప్పుడు ఈ పనులు మర్చిపోకండి, చాలామంది సంబరంలో వదిలేస్తారు. బాకీ లేదని ఎన్ఓసీ తీసుకోవాలి, లోన్ ఇచ్చినప్పుడు వాళ్ళు తీసుకున్న ఒరిజినల్ డాక్యుమెంట్ల లిస్ట్ ఇప్పుడే వెతికి జాగ్రత్త పెట్టుకోండి, దాని ప్రకారం ఒక్కొక్కటీ సరిచూసుకుని తెచ్చుకోవాలి. మొత్తం కట్టిన 30 రోజుల్లో బ్యాంక్ అవి ఇచ్చేయాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేల చొప్పున మీకు కట్టాలి, 2023 డిసెంబర్ నుంచి ఉన్న రూల్ ఇది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్‌లో ఎంఓడీ రద్దు చేయించి, తర్వాత ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించి అందులో బ్యాంక్ చార్జ్ పోయిందో లేదో చూసుకోండి, ఒకటి రెండు నెలలయ్యాక సిబిల్‌లో కూడా లోన్ క్లోజ్డ్ అని పడిందో లేదో చెక్ చెయ్యండి. ప్రస్తుతానికి మాత్రం బ్యాంక్‌కి ఇవ్వాల్సిన ఆ రేటు తగ్గింపు లెటర్ ఈ వారమే రాయండి, ఇద్దరి సంతకాలతో.